పదిహేడో నంబర్ గుండె

మార్చి 14, గురువారం

గుండె వచ్చింది. పదకొండింటికి ఆస్పత్రి నుంచి ఫోన్, పదకొండున్నరకి ఐస్ పెట్టెతో మోటార్ సైకిల్ మనిషి. నేను అప్పటికే గ్లవ్స్ వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను.

మార్పిడి ఆపరేషన్‌లో తీసేసిన పాత గుండెలోంచి ఒక ముక్క మాకు పంపుతారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. దాన్ని బియ్యపు గింజంత ముక్కలు కోసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, ఫ్రీజర్‌లో సర్దేసరికి రెండు దాటింది. కాళ్ళు పీకుతున్నాయి. లేబుల్ మీద పేరుండదు. 17 అని రాశాను.

రకేల్ వచ్చి చూసింది. డాక్టర్ రకేల్ ఫగుందెస్, మా ల్యాబ్ పెద్ద. "కండ బాగుంది నెల్వా" అంది. పనికిరాదని తీసి పారేసిన గుండె గురించి ఆ మాట మా గదిలోనే చెల్లుతుంది. పోగులు విడదీయడానికి వీలుగా ఉందని ఆవిడ ఉద్దేశం.

ఈ బల్ల దగ్గర నాకిది ఇరవై ఏడో ఏడు. ఏ ముక్క ఎవరిదో ఒక్కసారి కూడా తెలుసుకోలేదు. తెలుసుకోకూడదు.

మార్చి 15

నిన్న ఇంకో మనిషి కూడా ఉండి ఉంటారు, కొత్త గుండె ఇచ్చి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ గురించి మేం మాట్లాడుకోం.

మే 7, మంగళవారం

17లో మొదటి పోగు కట్టాను. తల వెంట్రుక కన్నా కాస్త లావు. రెండు చివర్లూ రెండు సన్నని తీగలకు పట్టుదారంతో ముడి. ఒక తీగ కదలదు. రెండోది, పోగు ఎంత బలంగా లాగితే అంత ఎత్తున కంప్యూటర్ మీద గీత గీస్తుంది. కాల్షియం కలిపిన నీళ్ళలో ముంచితే పోగు లాగుతుంది. కాల్షియం లేని నీళ్ళలోకి మారిస్తే వదులుతుంది. మనిషి ఎక్కడో ఉంటాడు, ఆయన పోగు ఇక్కడ లాగుతుంటుంది. చేరిన కొత్తలో నాకు తిండి సయించేది కాదు.

రకేల్ పదేళ్ళుగా వెతుకుతున్నది ఒక్కటే. ఈ పోగుల్లో ట్రోపోనిన్ అని ఒక ప్రోటీన్ ఉంది. తలుపు గడియలాంటిది. కాల్షియం తగలగానే గడియ తెరుచుకుంటుంది, కండ బిగుసుకుంటుంది. ఆ ట్రోపోనిన్‌కి ఫాస్ఫేట్ అనే చిన్న ముక్క అతుక్కుని ఉంటే, అది కాల్షియంని త్వరగా వదిలేస్తుంది. కండ సడలుతుంది, గుండెలోకి రక్తం నిండుతుంది. చెడిపోయిన గుండెల్లో ఆ ఫాస్ఫేట్లు తక్కువ. మనం ఎంజైమ్ పోసి మళ్ళీ అతికిస్తే పోగు మామూలు మనిషి పోగులా నడుచుకుంటుందా? ఇదే ఆవిడ ప్రశ్న.

ఎలుకల్లో నడుచుకుంది. మనుషుల పోగులు ఎక్కువ దొరకవు. 17లో మంచివి ఏడు వస్తే గొప్ప.

జూన్ 11, మంగళవారం

చేయకూడని పని చేశాను. తలుపు వేయలేదు.

పదింటికి కింద కాపలా ఆయన ఫోన్ చేసి, ఎవరో ఆవిడ మీకోసం వచ్చింది, పైకి పంపాను అన్నాడు. వచ్చింది. యాభై లోపు ఉంటుంది, పొట్టి, వానకి తడిసిన కోటు, చేతిలో మడిచిన కాగితం. మా ల్యాబ్ పేరున్న అంగీకార పత్రం. మెట్లెక్కిన ఆయాసంతో, "డాక్టరమ్మా, మార్చి పద్నాలుగున మా ఆయన గుండె ఇక్కడికే తెచ్చారట కదా" అంది.

మార్చి పద్నాలుగున వచ్చింది ఒకటే గుండె.

నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని అన్నాను. మాకు పేర్లు తెలియవు, తెలియకూడదు అన్నాను. అప్పటికే ఆవిడ పేర్లన్నీ చెప్పేసింది. ఆవిడ నయీర్. భర్త ఎడిసన్ కబ్రేరా, సిటీ బస్సు కండక్టర్. "పేరుకే ఎడిసన్. ఇంట్లో బల్బు మాడితే నేనే స్టూలెక్కాలి" అంది. నవ్వొచ్చేసింది. నవ్వాక మనిషిని బయటికి పంపడం కష్టం.

ఏం కావాలని అడిగాను. దాన్ని ఒకసారి చూడాలి అంది. ఆయన పంపాడా అంటే, ఆయనకి తెలియదు, చెప్పొద్దు అంది.

కుదరదని చెప్పి పంపాను. ఫోన్ నంబర్ కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళింది. పారేయలేదు.

జూన్ 13

రకేల్‌కి చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 16, ఆదివారం

నయీర్‌కి ఫోన్ చేశాను. బుధవారం సెలవు. రకేల్ సముద్రం ఒడ్డున వాళ్ళ అక్కగారింటికి వెళ్తుంది. బిల్డింగ్‌లో ఎవరూ ఉండరు. ఇవన్నీ ముందే ఆలోచించి పెట్టుకున్నానంటే, ఆవిడ వచ్చిన రోజే ఒప్పుకున్నట్టున్నాను.

జూన్ 19, సెలవు

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

తొమ్మిదింటికి వచ్చింది. తల దువ్వుకుని, చెవులకి పోగులు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. నేను అప్పటికే పోగు కట్టి సిద్ధంగా ఉంచాను. మైక్రోస్కోప్‌లో చూడమన్నాను. చాలాసేపు చూసింది. "ఇంతేనా" అంది. ఇది ఒక్క పోగు, మిగతావి ఫ్రీజర్‌లో ఉన్నాయి అన్నాను. "తెల్లగా ఉందేంటి? ఎర్రగా ఉంటుందనుకున్నాను." రక్తం కడిగేస్తాం అన్నాను. తలూపింది. ఆవిడ పనీ అదే, హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతకడం.

కొంచెం కాల్షియం ఉన్న నీళ్ళలో పెట్టాను. గుండె రెండు దెబ్బల మధ్య విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎంత కాల్షియం మిగులుతుందో, దానికి ఓ చుక్క ఎక్కువ. మామూలు మనిషి పోగు ఆ నీళ్ళలో దాదాపు ఊరికే ఉంటుంది. ఈ పోగు లాగింది. గీత నెమ్మదిగా లేచి అక్కడే నిలబడింది.

నయీర్ చెయ్యి బల్లకి తగిలింది. కాఫీ కప్పు పడినంత కదిలింది బల్ల. గీత ఒక్క ఎగురు ఎగిరింది. "బతికే ఉందా?" అంది. కాదమ్మా, బతకడం కాదు, కండకి రసాయనం తగిలితే అలా చేస్తుంది అన్నాను. ఆవిడ వినలేదు. కుర్చీలో కూర్చుని కోటు బొత్తాం తిప్పుతూ ఏడ్చింది. నేను ఎంజైమ్ పోసి గడియారం చూశాను. ఫాస్ఫేట్లు అతుక్కోవడానికి గంట పడుతుంది.

ఆ గంటా పక్క గదిలో కూర్చుని మాతే ఆకుల టీ తాగాం. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

ఎడిసన్ పదకొండేళ్ళుగా జబ్బు మనిషి. మొదట బస్సు మెట్లెక్కితే ఆయాసం. తర్వాత చెప్పులు తొడుక్కుంటే ఆయాసం. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆవిడ రెండు షిఫ్టులు చేసేది. ఒక శనివారం అలిసిపోయి వచ్చేసరికి ఆయన గిన్నెలు కూడా కడగకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడట. నోటికొచ్చిందల్లా అంది. "నీ గుండెకేం జబ్బు లేదు. ఒళ్ళు వంచదు, అంతే. నీలాగే సోమరిది" అంది. ఆయన లేచి గిన్నెలు కడిగాడు. కడుగుతూ కడుగుతూ పడిపోయాడు. అక్కణ్ణుంచి ఆస్పత్రి, ఆస్పత్రి నుంచి మార్పిడి జాబితా.

"ఆయన మర్చిపోయాడు. నేను ఆ గుండెకి తప్పయిందని చెప్పుకోకుండానే దాన్ని తీసేశారు" అంది.

ఇంకోటీ చెప్పింది, గోడవైపు చూస్తూ. ఇరవై ఆరేళ్ళు ఆయన ఛాతీ మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ చప్పుడు ఆవిడకి కంఠతా వచ్చు, కుంటి గుర్రం నడిచినట్టు ఉండేదట. ఆపరేషన్ అయ్యాక ఒక్కసారి కూడా తల పెట్టలేదు. "అది ఎవరిదో. ఎవరింట్లోనో దానికోసం ఏడుస్తున్నారు. నేను చెవి పెట్టి హాయిగా నిద్రపోవడమా?" ఎడిసన్ మాత్రం కుట్లు చూసి భయపడుతోందనుకుని మెడదాకా బొత్తాలు పెట్టుకుని పడుకుంటున్నాడు.

గంట అయింది. అదే పోగు, అవే నీళ్ళు. ఈసారి గీత కొంచెం లేచి, దిగిపోయింది.

ఆవిడకి వివరించాను. మన ఒంట్లో అడ్రినలిన్ వచ్చినప్పుడల్లా ఈ ఫాస్ఫేట్లు అతుక్కుంటాయి. నీరసపడిన గుండెని ఒళ్ళు ఏళ్ళ తరబడి పని చెయ్యి, పని చెయ్యి అని కేకలేస్తుంది. వినీ వినీ దాని చెవులు మొద్దుబారతాయి. ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. అప్పుడు బిగుసుకోవడం వస్తుంది గానీ వదలడం సరిగ్గా రాదు. "మా ఆయన చెవులూ అంతే" అంది, ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత సూటిగా అడిగింది. "చెప్పండి. అది సోమరిదా?"

ఒక్క పోగు చూసి మొత్తం గుండె గురించి చెప్పకూడదు. అది తెలిసే చెప్పాను. కాదు, సోమరిది కాదు. పని ఎక్కువే చేసింది. విశ్రాంతి తీసుకోవడం దానికి చేతకాలేదు.

నయీర్ మైక్రోస్కోప్ మీదికి వంగి ఏదో అంది. నేను వినాల్సిన మాట కాదు. బీకర్లు కడుక్కున్నాను.

జూన్ 20, గురువారం

"సెలవు రోజున బల్లని ఎవరు తన్నారు?" అంది రకేల్. గీత ఎగిరిన చోట వేలు పెట్టి ఉంది. తొమ్మిది యాభై రెండు. కంప్యూటర్ ఏదీ దాచదు.

చెప్పేశాను. నిలబడే చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోపం వస్తే అలాగే చేస్తుంది.

"ఆవిడ ఏమడిగింది?"

సోమరిదా అని.

"నువ్వేం చెప్పావు?"

చెప్పాను.

"ఒక్క పోగుతోనా?"

అవును.

"పోల్చి చూసే కంట్రోల్ పోగు లేకుండానా?"

అవును.

ఏడు పోగుల్లో రెండు అయిపోయాయి, అందులో ఒకటి పాడైంది నీవల్ల అంది. ఎథిక్స్ కమిటీకి రాస్తానంది. రాయకపోతే ఆవిడ రకేల్ కాదు. "ఇక 17 నువ్వు ముట్టుకోకు. అది ఎవరిదో నీకు తెలుసు. నీ కన్ను నీకు తెలియకుండానే అటు మొగ్గుతుంది" అంది. ఇరవై ఏడేళ్ళుగా కొత్తవాళ్ళకి నేను చెబుతున్న మాటే అది.

జూలై 4

కమిటీ ఉత్తరం వచ్చింది. హెచ్చరిక. ఫైల్లో పెడతారట. నా ఫైల్లో ఇంతవరకూ జీతం కాగితాలు తప్ప ఏమీ లేవు.

జూలై 10, బుధవారం

17ని రకేల్ తానే కడతానని కూర్చుంది. ఆవిడకి అరవై మూడు. ముడి వేసి పదిహేనేళ్ళయింది. గాజు తలుపు బయట నిలబడి చూశాను. పట్టుదారం చివర ఆవిడ వేళ్ళకి దొరకడం లేదు. మొదటి పోగు ముడి బిగిస్తుంటే తెగింది. లేచి కిటికీ దాకా నడిచి వచ్చి మళ్ళీ కూర్చుంది. రెండోదీ తెగింది.

పోగు తెగితే చప్పుడేమీ రాదు. ఆవిడ మొహంలో తెలిసింది. ఇక మిగిలినవి మూడే.

లోపలికి వెళ్ళబోయి ఆగిపోయాను.

జూలై 11

రకేల్ ఉదయమే వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. "నిన్న రెండు చంపాను" అంది. చూశాను అన్నాను. "పిలిస్తే రావచ్చుగా?" ముట్టుకోవద్దన్నది మీరే కదా అన్నాను. ఇద్దరం నవ్వాం. మూడు వారాల తర్వాత.

ఆవిడ ఆలోచన ఇది. 17వి మూడు ముక్కలు, ఆరోగ్యమైన గుండెవి మూడు. ఆరోగ్యమైనవంటే, ఇంటివాళ్ళు ఇచ్చినా మార్పిడికి సమయం మించిపోయినవి. ఆరింటినీ ఆవిడ ఒక్కతే కొత్త గొట్టాల్లోకి మార్చి ఎ, బి, సి అని అక్షరాలు రాస్తుంది. ఏది ఏదో కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించి డీన్ ఆఫీసులో ఇస్తుంది. నేను కడతాను, నేనే కొలుస్తాను, ఏది ఎవరిదో తెలియకుండా.

"నీ వేళ్ళు కావాలి. నీ మనసు ఇంట్లో పెట్టి రా" అంది.

జూలై 23

ఎ అయింది. బి అయింది. ఈ రోజు సి. ముడి వేస్తుంటేనే తెలిసిపోయింది. ఇదే ఎడిసన్‌ది. కాస్త గట్టిగా, కాస్త మొండిగా ఉంది. వేళ్ళకి తెలిసిపోతుంది. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకున్నాను.

ఆగస్టు 8

ఎఫ్ కూడా అయింది. ఒక్కటీ తెగలేదు. చేతులు కడుక్కుని బయట మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. నయీర్‌కి ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు.

ఆగస్టు 14, బుధవారం

కవర్ విప్పారు.

ఎంజైమ్ పోయకముందు 17 గీతలు మూడూ ఒకవైపు, ఆరోగ్యమైనవి మరోవైపు. పోశాక 17 గీతలు జరిగి జరిగి వాటి మీద పడ్డాయి. రకేల్ రెండు రంగుల్లో గీయించింది. రెండో రంగు కనిపించలేదు, మొదటిదాని కింద ఉంది. ఆరే పోగులు, రెండే గుండెలు, ఇప్పుడే ఎగరకండి అని తనకి తనే చెప్పుకుంటూ కింద బేకరీకి వెళ్ళి కిలో వెన్న రొట్టెలు తెచ్చింది. మేం ఇద్దరమే. కిలో.

నేను మాత్రం కాగితం మీద ఇంకోటి చూశాను. సి ఎడిసన్‌ది కాదు. ఎవరో చనిపోయినవాళ్ళది, మంచి గుండె. ఎడిసన్‌వి ఎ, డి, ఎఫ్. వాటిని కట్టిన రోజు నా వేళ్ళకి ఏమీ అనిపించలేదు.

రకేల్ ఏం ఆలోచిస్తున్నావంది. ఏమీ లేదన్నాను. రొట్టె తిన్నాను.

సెప్టెంబర్ 11, బుధవారం

నయీర్ ఫోన్. ఎడిసన్‌కి జ్వరం, కాళ్ళ వాపు. కొత్త గుండెని ఒళ్ళు ఒప్పుకోవడం లేదట. ఆస్పత్రిలో చేర్చారు. గొంతు మామూలుగానే ఉంది. దానికే భయమేసింది.

సెప్టెంబర్ 12

రకేల్‌తో నిజం చెప్పి సెలవడిగాను. "టెక్నీషియన్‌గా వెళ్ళకు" అని మాత్రం అంది.

వార్డులో ఎడిసన్‌ని మొదటిసారి చూశాను. సన్నగా, పెద్ద చెవులతో ఉన్నాడు. చొక్కా మెడదాకా బొత్తాలు. నయీర్ ఆయనకి అంతా చెప్పేసిందట, నిన్ననే. దూరంగా ఎందుకు పడుకుంటోందో, ఆ ఒక్కటి తప్ప.

"మీరేనా అమ్మా, నా పాతదాన్ని దగ్గర పెట్టుకున్నది?" అన్నాడు. అవునన్నాను. "టికెట్ కొందా? ఎప్పుడూ దొంగ ప్రయాణమే దానిది." చివరిదాకా సరిగ్గా కొని ప్రయాణం చేసింది అన్నాను. నవ్వాడు. దగ్గొచ్చింది. నయీర్ నీళ్ళ గ్లాసు అందించింది, చెయ్యి బారుగా చాపి, మంచానికి అంత దూరం నుంచి.

మందు బాటిల్ మార్చడానికి నర్సు వస్తే మేమిద్దరం వరండాలోకి వచ్చాం. నయీర్ అంది, "ఆ కొత్తదానికి నేను నచ్చలేదేమో. నేను రానివ్వలేదని వెళ్ళిపోతోందేమో."

అప్పుడు సి సంగతి చెప్పాను. ఇరవై ఏడేళ్ళుగా రోజూ ఇవే పోగులు. వేళ్ళతో గుర్తుపడతానని పందెం కాసినంత ధీమా. మీ ఆయనదనుకుని కట్టింది ఎవరో తెలియని మనిషిది. మీ ఆయనది కట్టినప్పుడు గుర్తుపట్టలేదు. కాల్షియం రాగానే రెండూ లాగాయి. ఫాస్ఫేట్ అతికాక రెండూ వదిలాయి. నాకే తేడా తెలియలేదు నయీర్.

"మరి వాళ్ళింట్లో ఏడుస్తున్నవాళ్ళు?"

ఏడుస్తారు అన్నాను. నువ్వు దూరంగా పడుకుంటే వాళ్ళ ఏడుపు తగ్గదు. ఇచ్చినవాళ్ళు అది ఆగిపోకూడదనే ఇచ్చారు. ఎవరూ దగ్గరికి రాకూడదని ఇవ్వలేదు.

నయీర్ వార్డు తలుపు వైపు తిరిగింది. అంత గట్టిగా మాట్లాడి ఉండకూడదేమో. కుట్లకి భయపడి కాదని ఆయనకి చెప్పు, కనీసం అది చెప్పు అని వచ్చేశాను.

సెప్టెంబర్ 13

ఫోన్ లేదు.

సెప్టెంబర్ 14

లేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

జ్వరం తగ్గింది. బయాప్సీలో మెరుగ్గా ఉందట. నయీర్ రెండే మాటలు చెప్పి పెట్టేసింది. రకేల్ అడగలేదు, నేనే చెప్పాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మంచిది. వ్యాసంలో గ్రాఫ్ మళ్ళీ గీయాలి" అంది.

అక్టోబర్ 22

రకేల్ వ్యాసం పంపింది. చివర కృతజ్ఞతల్లో, పోగులు కట్టిన చేతులకి అని నా పేరు. దాని కింద, గుండెలు ఇచ్చిన రెండు కుటుంబాలకి అని ఉంది. పేర్లు లేవు.

నవంబర్ 3, ఆదివారం

ఉదయం ఏడింటికి ఫోన్. నయీర్ నంబర్. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. లైన్ బాగాలేదనుకున్నాను. హలో, హలో అన్నాను. ఎవరో హాయిగా గురక పెడుతున్నారు, ఆడగొంతు. ఫోన్‌కి దగ్గరగా, గురక కింద, ఇంకో చప్పుడు. ఒకటి, రెండు. ఒకటి, రెండు. కుంటడం లేదు.

తర్వాత ఎడిసన్ గుసగుసగా, "ష్, అమ్మా. లేస్తుంది" అన్నాడు.

ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని వింటూ నిలబడ్డాను. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి.